అరువు కన్నీరు, సొంత చెమట

నటుడు కాగోరువాడు ఏ టీవీ నాటకములు చూడవలెను?

హైదరాబాదులోని కృష్ణానగరు అద్దెగదులలో నలుగురైదుగురు చొప్పున సర్దుకొని కాపురముండి, ఎప్పటికైనను తెరమీద కనబడకపోవుదుమా యను ఆశతో కాలము వెళ్ళబుచ్చు మాబోటివారికి, ఆడిషను అనగానే మొదట స్ఫురించునది "దానవీరశూర కర్ణ"లో నందమూరి తారకరామారావుగారు దుర్యోధనుడై పలికిన సంభాషణము. గుక్క తిప్పుకొనక దానిని అప్పజెప్పగలిగినవాడు సగము నటుడైనట్లే యని మాలో నొక నమ్మకము కలదు. వినువారును కాదనరు, తలయూపుదురు, ఒక్కొక్కప్పుడు చప్పట్లు కూడ చరతురు. ఆపైన అందులో నొకరు కుర్చీ చూపి, "బాగుంది బాబూ. ఇప్పుడు డైలాగేం వద్దు. మీ నాన్నగారికి సీరియస్‌గా ఉందని ఇతను వచ్చి చెప్తాడు. నువ్వు విను, చాలు" అందురు. అంతవరకు సింహగర్జనము చేసిన కంఠమునకు అప్పుడు పనిలేదు. విసరిన చేతులకు పనిలేదు. ఎగురవేసిన కనుబొమలకు పనిలేదు. వినుట యెట్లో మాకెవ్వరును నేర్పలేదు. పద్యనాటకములు నేర్పు పెద్దలు మా జిల్లాలలో నేటికిని లేకపోలేదు గాని, వారు నేర్పునది వెనుక వరుసలోనివానికి వినిపించుట.

ఈ కొరత తీర్చుకొనుటకు టీవీ నాటకములు చూడుడని చెప్పినచో నవ్వువారే ఎక్కువ. సినిమా నటుడు కాదలచినవాడు సీరియళ్ళు చూచుటేమని మా గదులలో నొక చిన్నచూపు. కాని కొత్తగా బస్సు దిగి వచ్చిన కుర్రవాండ్రు ఏమి చూడవలెనని అడిగినప్పుడెల్ల నేను సినిమాల పేర్లు చెప్పను, టీవీ నాటకముల పేర్లే చెప్పుదును. వానిని ఏరుటకు నేను పట్టుకొన్న కొలబద్ద మాత్రము టీవీ పుట్టుటకు ఎన్నో శతాబ్దముల ముందటిది.

అభినయము ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములనియు, సత్త్వము మిక్కిలిగా గల అభినయము జ్యేష్ఠమనియు, సమముగా గలది మధ్యమమనియు, సత్త్వహీనమైనది అధమమనియు నాట్యశాస్త్రము తేల్చినది. స్తంభము, స్వేదము, రోమాంచము, స్వరభంగము, వేపథువు, వైవర్ణ్యము, అశ్రువు, ప్రళయము అను ఎనిమిది సాత్త్వికభావములును మనస్సు ఏకాగ్రమైననేగాని పుట్టవని భరతుని మతము. ఐనను ఆ మునికి రంగస్థలపు చిక్కులు తెలియును. నాట్యగృహము 64 హస్తముల పొడవును, 32 హస్తముల వెడల్పును మించినచో నటుని ముఖముమీది భావము ప్రేక్షకునకు స్పష్టముగా కానరాదని ఆయనయే హెచ్చరించినాడు. చెమటను చూపవలసి వచ్చినప్పుడు విసనకఱ్ఱ చేతబట్టి, ముఖము తుడుచుకొనుమని ఉపాయము చెప్పినాడు. ముఖమున రంగు మారుట మాత్రము నాడిని బిగబట్టి ప్రయత్నపూర్వకముగా సాధింపవలసిన దుష్కరకార్యమని యొప్పుకొన్నాడు. అనగా పట్టికలో నెనిమిదియు నున్నను, వేదికకు దూరముగా కూర్చున్నవానికి చేరునది విసనకఱ్ఱయే గాని చెమట కాదు. మన పద్యనాటకము ఈ దూరమును రాగముతో దాటినది. హార్మోనియము తోడుండగా ఆలాపన సాగదీసి, వన్స్‌మోరు కొట్టించుకొని, చచ్చిన పాత్రను లేపి మరల పాడించినది. ఆ ధోరణి నచ్చక మాటకును చూపునకును ప్రాధాన్యమిచ్చిన బళ్ళారి రాఘవ వంటివాడు 1946లోనే కన్నుమూసినాడు. ఆయన ముఖమును దగ్గరగా చూపు యంత్రము మన యిండ్లలోనికి వచ్చుటకు అప్పటికింకను చాలకాలమున్నది.

హైదరాబాదున దూరదర్శన్ కేంద్రము 1977లో వెలసినది. సినిమాలో క్లోజప్ లేకపోలేదు గాని, అక్కడ ముఖము గోడంత పెద్దది, రెండున్నర గంటలలో దాని పని ముగియును. టీవీలోని ముఖము మన ముఖమంతయే యుండి, మనము అన్నము తినుచున్న గదిలోనికి వచ్చి, వారములు, నెలలు, సంవత్సరములు మనతో నుండును. భరతుని పట్టికలోని సూక్ష్మమైన రోమాంచము వరకు కనబడగల నాట్యగృహమేదైన నున్నచో అది యిదియే. దీనిలో నటించుట కష్టము, దొంగలించుట సుళువు.

దొంగలించుట యెట్లో మన దినసరి సీరియళ్ళ షూటింగు ఒక్కపూట చూచినవారికి విప్పి చెప్పనక్కరలేదు. నాయిక బెంగళూరునుండి వచ్చిన పిల్ల; తెలుగు ఇంకను నోట నానలేదు. కెమెరా పక్కన, ఫ్రేములో పడకుండ, అసిస్టెంటు డైరెక్టరొకడు సీను కాగితము పట్టుకొని సంభాషణమును ముక్కలుముక్కలుగా అందించుచుండును; దీనినే ప్రాంప్టింగు అందురు. అతడు "అత్తయ్యా, మీరు నన్ను" అనును. ఆమె అత్తయ్యవైపు చూచుచు ఆ ముక్క అనును. అతడు "అపార్థం చేసుకున్నారు" అనును. ఆమె తక్కిన ముక్క అనును. అంతకుముందే మేకప్‌మాన్ కంటిక్రింద గ్లిజరిన్ పూసి పోయినాడు గనుక నీరు దానంతటదియే కారును. చెవి ప్రాంప్టరు వద్దను, కన్ను గ్లిజరిన్ వద్దను ఉండగా అత్తయ్య మాట వినునదెవరు? తరువాత అత్తగారి ముఖము, మామగారి ముఖము, ఆడపడుచు ముఖము వేరువేరుగా తీసి, ఒక్కొక్కదానిపైకి కెమెరాను ముమ్మారు దూకించి, ఉరుమువంటి చప్పుడు జోడింతురు. అటుపిమ్మట డబ్బింగు గదిలో చెవులకు హెడ్‌ఫోను తగిలించుకొన్న మరియొక స్త్రీ, తెరమీది పెదవుల కదలికను కనిపెట్టుచు, వెక్కివెక్కి యేడ్చును. స్వరభంగము ఆమెది, అశ్రువు సీసాది, స్తంభము ఎడిటరుది.

ఆ డబ్బింగు గదిలోని స్త్రీని నేను తక్కువ చేయుట లేదు సుమా! ఎదుట మనిషి లేడు. ఇల్లు లేదు, అత్తగారు లేరు. మైకు ముందు నిలిచి, పరాయిదాని పెదవులకు తన యేడ్పును కొలతగా అమర్చవలెను. ఈ మొత్తము వ్యవహారములో సత్త్వమన్నది ఎక్కడనైన మిగిలియున్నచో అక్కడనే మిగిలినదని నా యభిప్రాయము. మా తోటివారిలో గొంతు బాగున్నవారికి ముందు డబ్బింగు నేర్చుకొనుడని నేను చెప్పుదును. నటుని ఊపిరి ఎచ్చట తెగినదో, ఎచ్చట మింగబడినదో కనిపెట్టుట ఆ గదిలో బాగుగ అలవడును.

అరువు సరుకుతో కూడ నిలబడగలవారు లేకపోలేదు. స్టార్ మాలో 2017లో మొదలైన "కార్తీకదీపం"లోని దీపను, అనగా మన యాడువారందరి వంటలక్కను, ధరించిన ప్రేమీ విశ్వనాథ్ కేరళము పిల్ల. మలయాళ మూలమైన "కరుత్తముత్తు"లోను ఆమెయే నాయిక. తెలుగున గొంతు వేరొకరిది. నల్లదనము మేకప్ పెట్టెలోనిది. రంగు పూసిన ముఖమున వైవర్ణ్యము కనబడు వీలేలేదు. ఇన్ని పోయిన పిదప మిగిలిన రెండు కన్నులతో ఆమె అన్ని సంవత్సరములు ఇంటింట నిలిచినదనగా, ఆ కన్నులు పరీక్షగా చూడదగినవి. ఎపిసోడులన్నియు చూడుమని మాత్రము నేను ఎవ్వరిని శిక్షింపను.

అరువు గొంతుకు, సొంత గొంతుకు గల యంతరము తెలియగోరువారు సురేఖా సిక్రీని చూడవలెను. కలర్స్ ఛానెలులో 2008లో మొదలైన "బాలికా వధు" మా టీవీలో "చిన్నారి పెళ్ళికూతురు"గా వచ్చినప్పుడు, ఆమె ధరించిన ఆ యింటి కఱకు పెద్దావిడను తెలుగు లోగిళ్ళు తిట్టుకొనుచు ప్రేమించినవి. ఆ ముఖము మనకు సుపరిచితమే గాని ఆ కంఠము మనమెరుగము. ఆమె కంఠము వినవలెనన్నచో ఇరువది యేండ్లు వెనుకకు పోయి, 1988లో దూరదర్శన్ ప్రసారము చేసిన "తమస్" చూడవలెను. అందులో ఆమె రాజో అను ముస్లిము గృహిణి. ఊరంతయు మతకలహములతో మండుచుండగా, దిక్కుతోచక వచ్చి తలుపు తట్టిన ముదుసలి సిక్కు దంపతులను లోనికి రానిచ్చుటయా, మానుటయా అను నిర్ణయము ఆమెపై పడును. ఆ ముదుసలి హర్‌నామ్‌సింగును ధరించినవాడు నవల వ్రాసిన భీష్మ సాహ్నీయే. భార్య బంతోగా దీనా పాఠక్. సిక్రీ మాటలు కొద్ది. దయచూపుచున్నానను భావము ఆమె ముఖమున మచ్చునకైన కానరాదు. విసుగు, భయము, ఈ పీడ తన గుమ్మమునకే ఎందుకు వచ్చినదను చిరాకు, వీనినన్నిటిని దాటుకొని ఆశ్రయము బయటపడును. దయగల పాత్రను దయగా నటింపరాదని నాకు తెలిసినది అక్కడనే. ఆ పాత్రకు ఆమెకు ఉత్తమ సహాయనటిగా జాతీయ పురస్కారము లభించినది.

"తమస్"ను గోవింద్ నిహలానీ తీసినాడు. దానిని నేను పట్టికలో మొదట ఉంచుటకు మరియొక కారణము తొలి ఘట్టము. ఓం పురి ధరించిన నత్థూ చర్మకారుడు. చచ్చిన పశువుల తోలు ఒలుచుట అతని కులవృత్తి. పశువైద్యునికి కావలెనను మిషతో ఒకడు అతనికి పందిని చంపు పని పురమాయించును. దాని కళేబరము తరువాత మసీదు మెట్లపై దొరకుటతో ఊరు అంటుకొనును. ఇరుకు గుడిసె, గుడ్డి దీపము, చావని పంది, ఒంటరి మనిషి: ఘట్టమంతయు ఇంతే. ఇందులో నటునికి చిక్కైన సంగతి యొకటి కలదు. నత్థూ చేతులు పనివాని చేతులు; కత్తి వానికి కొత్త కాదు; కాని ప్రాణము తీయుట వానికి తెలియదు. కత్తిని ఎరిగిన చేయి కత్తితో తడబడుట చూపవలెను. పూర్తిగా తడబడినచో చర్మకారుడనిపించుకొనడు, తడబడకున్నచో కథయే లేదు. ఓం పురి ఆ చేతికి కొంత నేర్పును, భుజమునకు కొంత జంకును పంచి యిచ్చినట్లు తోచును. మశూచి మచ్చలు గల ఆ ముఖముమీద చెమట కారుచుండగా విసనకఱ్ఱ అక్కరలేదు. జాతీయ నాటక విద్యాలయములోను, పుణే ఫిల్ము ఇన్‌స్టిట్యూటులోను రెండుచోట్ల చదివినవాడతడు. ఆ చదువు ఏ అవయవములో నున్నదో వెదకినను దొరకదు.

విదేశపు నాటకములలో నేను ముందుగా చెప్పునది పాతది. 1976లో బి.బి.సి. ప్రసారము చేసిన "ఐ, క్లాడియస్" రోము చక్రవర్తుల యింటి కథ. అత్తాకోడండ్రు, సవతి బిడ్డలు, విషప్రయోగములు, ఆస్తి తగవులు, అన్నియు నున్నవి. మన సీరియలు రచయితలు చూచినచో తమ చుట్టములను చూచినట్లే సంతసింతురు. స్టూడియోలో వేసిన సెట్టింగులు, అట్టతో చేసినట్లుండు స్తంభములు, యుద్ధములన్నియు తెరవెనుక. ఆ పేదరికము నటుల పాలిటి వరమైనది. చక్రవర్తి అగస్టస్‌గా నటించిన బ్రయన్ బ్లెస్డ్ గొప్ప గొంతుగలవాడు. పక్కింటివారికి సయితము వినబడునట్లు నవ్వగలవాడు. అట్టివాని మరణఘట్టములో దర్శకుడు హెర్బర్ట్ వైజ్ అతని గొంతును లాగికొని, ముఖమును మాత్రము కెమెరా ముందుంచినాడు. విషమిచ్చిన భార్య లివియా ఫ్రేము వెలుపలినుండి మాటలాడుచుండును, అతడు వినుచుండును, మనము ఆ ముఖమునే చూచుచుందుము. ఏ క్షణమున ప్రాణము పోయినదో చెప్పలేము. కనురెప్ప వేయడు, పెదవి కదల్పడు; కంటిలోని వెలుగు ఎప్పుడో వెడలిపోయియుండును. భరతుడు కడపట చెప్పిన ప్రళయమను, అనగా చైతన్యము తొలగుట యను, భావమునకు ఇంతకు మించిన యుదాహరణము నేనెరుగను. లివియాగా షాన్ ఫిలిప్స్ ఆ గది దాటి వచ్చి, అంజూరపు పండ్లు ముట్టవద్దని కొడుకుతో అన్న తీరు మన విలనీ అత్తగార్లందరును చూడదగినది: ఊరగాయ జాడీ మూత పెట్టితివా యని అడిగినట్లుండును. ఇక డెరెక్ జకోబీ క్లాడియస్ నత్తి గురించి వ్రాయబూనినచో పుట చాలదు. నత్తిగల పాత్ర మనకు దొరకినప్పుడు మాటమాటకు నత్తి పెట్టి నవ్వింపజూతుము. అతడు మాటను దాటలేక ఆగినచోట మెడ, దవడ, కన్ను ఆ మాటకై చేయు పెనుగులాట చూపును.

క్రొత్తవానిలో, అందరి నోళ్ళలో నానిన "అడోలసెన్స్"ను వదలరాదు. 2025లో నెట్‌ఫ్లిక్సులో వచ్చిన ఈ ఆంగ్లనాటకము నాలుగు భాగములు. ఒక్కొక్క భాగము ఆసాంతము ఒకే షాటు. కోత లేదు గనుక ఎడిటరు రక్షింపజాలడు. మధ్యలో ఆపి గ్లిజరిన్ పూయు వీలులేదు. తప్పు జరిగినచో మొదటికి రావలసినదే. మూడవ భాగములో ఇంచుమించు సాంతము ఒక గది, ఇద్దరు మనుష్యులు: హత్యానేరము మోపబడిన పదమూడేండ్ల జేమీ, అతనిని పరీక్షింప వచ్చిన మనస్తత్త్వ శాస్త్రజ్ఞురాలు. బాలుడుగా నటించిన ఓవెన్ కూపర్‌కు కెమెరా ముందు అదియే తొలి వేషము. పైగా నాలుగింటిలో మొదట చిత్రించినది ఆ మూడవ భాగమే. ఒక టేకులో పిల్లవాడు నిజముగా ఆవులించినాడట. ఎదుట నున్న ఎరిన్ డోహర్టీ కంగారుపడక, నా మాటలు నీకు విసుగు పుట్టించుచున్నవా యని పాత్రలోనుండియే అడిగినది. వాడు చిరునవ్వు నవ్వినాడు. అది యట్లే నాటకములో నిలిచినది. ఇది చమత్కారముగా చెప్పుకొనదగిన ముచ్చటయే గాని, మాబోటివారు గమనింపవలసినది ఆమె చెవి. వ్రాసిన మాటకై కాచుకొనియున్న చెవికి ఆవులింత అంతరాయము. ఎదుటివానిని నిజముగా వినుచున్న చెవికి అది మరియొక మాట.

ఆ భాగము చివర బాలుని తీసికొనిపోయిన పిదప ఆమె ఒంటరిగా మిగులును. బల్లమీద వాడు కొరికి వదలిన శాండ్‌విచ్ ముక్క యున్నది. అంతవరకు వృత్తిధర్మము కట్టివేసిన దేహము అప్పుడు వదలును, ఊపిరి తడబడును, చేతులు వశము తప్పును. వేపథువు అనగా చేతులు వణకించుట యని మనము నేర్చితిమి. ఆమె వణకును అణచుకొన జూచును; అణగనంత మాత్రమే మనకు కనబడును. ఆ యేటి ఎమ్మీ పురస్కారములలో డోహర్టీకి, కూపర్‌కు, తండ్రిగా నటించిన స్టీఫెన్ గ్రాహమ్‌కు ముగ్గురికిని గౌరవము దక్కినది. కూపర్‌కు అప్పటికి పదునైదేండ్లు.

తక్కిన పేర్లు త్వరగా చెప్పుదును. రమేశ్ సిప్పీ "బునియాద్"లో (1986–87) అనితా కంవర్ లాజోజీగా పడుచుదనమునుండి ముదిమి వరకు నడచినది. తెల్లజుట్టు మేకప్ వారిచ్చినది, కూర్చుండి లేచునప్పటి మోకాళ్ళ బరువు ఆమె తెచ్చుకొన్నది. గుల్జార్ "మీర్జా గాలిబ్"లో (1988) గజళ్ళ గానము జగ్జీత్‌సింగ్‌ది, మాట నసీరుద్దీన్ షాది. పాట ఆగి మాట మొదలగుచోట అతుకు కానరాకుండుట యెట్లో చూడవలెను. శంకర్ నాగ్ "మాల్గుడి డేస్"ను ఆగుంబెలో తీసినాడు; అందులో పిల్లలు నటించుచున్నట్లుండదు, తండ్రిగా నున్న గిరీశ్ కర్నాడ్ పిల్లలకు పోటీ రాడు. రామానంద్ సాగర్ "రామాయణ్"ను మాత్రము నటనకై నేను చెప్పను. కిరీటములు, శంఖనాదములు, చిరునవ్వుపై నిలిచిపోవు కెమెరా, అంతయు ఆహార్యమే; పైగా ఎన్.టి.ఆర్.ను చూచి పెరిగిన తెలుగు కంటికి ఇంకొక రాముడు ఆనుట కష్టము. గుజరాతీ రంగస్థలమునుండి వచ్చిన అరవింద్ త్రివేదీ రావణుని అట్టహాసము వినుటకు ఒకటి రెండు భాగములు చాలును.

మన తెలుగున ఏమియు లేదా యని యడుగువారికి, కలదని గట్టిగా చెప్పగలను. అది హాస్యమైనందున దానిని పాఠమని ఎవ్వరును తలంపలేదు. గుణ్ణం గంగరాజు నిర్మించిన "అమృతం" జెమిని టీవీలో 2001 నవంబరునుండి 2007 వరకు ఆదివారపు రాత్రులను ఏలినది. అందులో అమృతరావు వేషమును మొదట శివాజీరాజా, తరువాత నరేశ్, ఆపైన హర్షవర్ధన్ ధరించిరి. ఆంజనేయులు మాత్రము మొదటినుండి కడవరకు గుండు హనుమంతరావే. ఒకే పాత్రకు ముగ్గురు నటులు, వారికెదుట ఒకే జోడు: ఇట్టి ప్రయోగము ఏ నాటక పాఠశాలయు కావలెనని ఏర్పాటు చేయజాలదు. శివాజీరాజా మాటలోని తొందరను ఆంజనేయులు తన నిదానముతో ఆపును. నరేశ్ సినిమా కథానాయకుడుగా వచ్చినవాడు. అతని విరుపులకు ఆంజనేయులు కొంత చోటు వదలి, వెనుకనుండి ముగింపు తాను పట్టుకొనును. హర్షవర్ధన్ అమాయకపు దర్పమునకు ఎదురుగా అదే ఆంజనేయులు కొంచెము పెద్దవాడై, ఇంటి పెద్దన్న వలె నుండును. పాత్ర మారలేదు, పేరు మారలేదు, అమృత విలాస్ హోటలు బల్లలును మారలేదు. ఎదుటి మనిషి మారినందున వినికిడి మారినది. 2018లో హనుమంతరావుగారు పోయినప్పుడు ఆయన టైమింగును అందరును కొనియాడిరి. ఆ టైమింగు చెవిలో పుట్టినదని చెప్పినవారిని నేను చూడలేదు.

యూట్యూబులో "అమృతం" భాగములు ఉచితముగా దొరకును గనుక, గదిలో నలుగురును కలసి డేటా పంచుకొని చూడవచ్చును. ముగ్గురు అమృతరావుల భాగములనుండి ఒక్కొక్కటి ఏరుకొని, అమృతరావు మాటలాడుచున్నంతసేపు అతనిని విడిచి ఆంజనేయులనే చూడవలెను. శివన్నారాయణగారు ధరించిన ఇంటి యజమాని అప్పాజీ అద్దెకై వచ్చు ఘట్టములు మాత్రము మొదట ఒకమారు నవ్వుకొనుటకే చూచి, రెండవమారు పాఠము మొదలుపెట్టుట మేలు. మొదటిమారే కాగితము, కలము పట్టుకొని కూర్చున్న మా గదిలోని మిత్రునకు అప్పాజీ పేరు తప్ప ఇంకేమియు వ్రాయుట సాగలేదు.